పట్టభద్రుణ్ణి తీసుకోవడమా, ఉన్నవారికి చదువు చెప్పించడమా: ఏది మేలు?

విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు, బస్సులకు బాడీలు కట్టే షెడ్డు నడిపేవారికైనా, గుంటూరులో కారం ఎగుమతి చేసే చిన్న సంస్థకైనా, చేతిలో కాస్త డబ్బు మిగిలిన ఏడు ఈ ప్రశ్న ఎదురవుతుంది.

షెడ్డు సంగతి ముందు చూద్దాం. ఏ జాయింటు ముందుగా పగులుతుందో, ఎక్కడ మందం రేకు వేయాలో మేస్త్రికి తెలుసు. అయితే ఆ తెలివిడి ఆయన చేతుల్లో ఉంది; ఆయన పక్క షెడ్డుకు వెళ్తే అదీ వెళ్తుంది. మరమ్మతుకు తిరిగొచ్చిన ప్రతి బండీ ఒక ప్రయోగ ఫలితమే కాబట్టి, డ్రాయింగు చదవడం, ఏ అతుకు ఎందుకు విరిగిందో పుస్తకంలో రాయడం మేస్త్రికి నేర్పితే, అంతవరకు ఒకరి అనుభవంగా ఉన్నది సంస్థ జ్ఞానం అవుతుంది. పైగా బస్సు బాడీలకు ఏఐఎస్-052 అనే వాహన పరిశ్రమ ప్రమాణం వచ్చాక అత్యవసర ద్వారాల కొలతలు సైతం కాగితం మీద చూపాలి. ఇక్కడ ఉన్నవారి చదువుకే నా ఓటు.

మిర్చి దగ్గర నా తీర్పు మారుతుంది. కాయను గలగలలాడించి ఆరుదల చెప్పగలవారు, తాలు కాయను చూపుతోనే ఏరేసేవారు గుంటూరులో ఎందరో ఉన్నారు, కానీ బూజు వల్ల పుట్టే విషం, అఫ్లాటాక్సిన్, కంటికి కనపడదు. ఐరోపా సమాఖ్య మిర్చిలో అఫ్లాటాక్సిన్ బి1కు కిలోకు 5 మైక్రోగ్రాముల పరిమితి పెట్టింది. దాన్ని కొలిచి అర్థం చేసుకోవడానికి రసాయనశాస్త్రం చదివినవారే కావాలి. అయినా సరుకు పరీక్షలో ఎందుకు తప్పిందో ల్యాబ్ నివేదిక చెప్పదు. ఏ కల్లంలో కాయ మంచుకు తడిసిందో, ఏ టిక్కీలు (మిర్చి బస్తాలు) చెమ్మగోడకు ఆనించి ఉన్నాయో చెప్పేది కూలీలే. అందుకే ఆ పట్టభద్రుడి బల్ల ఆఫీసు గదిలో కాదు, కాయలు ఏరేచోట ఉండాలి.

బయటి జ్ఞానాన్ని గుర్తించి వాడుకోగల శక్తి, సంస్థలో అప్పటికే ఉన్న జ్ఞానం మీద ఆధారపడుతుందని నిర్వహణశాస్త్ర పరిశోధకులు కోహెన్, లెవింతాల్ 1990లో వాదించారు. ఆ శక్తి వ్యక్తుల శక్తుల కూడిక మాత్రమే కాదనీ, వారి మధ్య మాట ఎలా సాగుతుందన్నదీ ముఖ్యమనీ వారన్నది మన చిన్న సంస్థలకు మరింత వర్తిస్తుంది.

నేర్పిన మేస్త్రి వెళ్లిపోతే నష్టం కదా అని యజమానులు అడుగుతారు. నిజమే, కానీ పట్టభద్రుడూ హైదరాబాదు వెళ్లిపోవచ్చు. మేస్త్రి రాసిన పుస్తకం మాత్రం షెడ్డులోనే ఉంటుంది, తర్వాత వచ్చిన కుర్రవాడు దాన్ని చదవగలిగితే.