పుస్తకాల సెట్ కొంటున్నారా? పార్సిల్ వచ్చిన రోజే అన్నీ విప్పి చూడండి

వేసవి సెలవులకని పిల్లలకు ఇంగ్లీషు నవలల సెట్లు ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడుతున్నవాళ్లు కాస్త ఆగి ఇది చదవండి. నాకు 649 రూపాయలు పోయాయి. అదేమంత పెద్ద లెక్క కాదు గానీ, అవి పోయిన తీరు చూస్తే మీకూ పోవచ్చు అనిపించి రాస్తున్నాను.

మా అమ్మాయికి పదో తరగతి పరీక్షలు అయిపోయాయి. సెలవుల్లో ఏమేం చదవాలో కాగితం మీద వరసగా రాసుకుని ఫ్రిజ్‌కి అంటించింది. పైన మొదటి పేరు హంగర్ గేమ్స్. స్నేహితురాళ్లంతా చదివేశారట, తనొక్కతే మిగిలిపోయిందట. ఈ సిరీస్‌లో ఇప్పటికి ఐదు నవలలు వచ్చాయి. అసలు కథ 2008, 2009, 2010లో వచ్చిన మూడు పుస్తకాల్లో ఉంది. తర్వాత 2020లో ఒకటి, 2025లో ఒకటి వచ్చాయి గానీ ఆ రెండూ అంతకుముందు జరిగిన కథలు, ఒకటి 64 ఏళ్లు, ఇంకోటి 24 ఏళ్లు వెనక్కి వెళ్తాయి. కథాకాలం ప్రకారం చదవాలా, అచ్చయిన వరసలో చదవాలా అని మా ఇంట్లో రెండు రోజులు పెద్ద చర్చే నడిచింది. నన్నడిగితే అచ్చయిన వరసే మంచిది, పాత కథలో ఎవరిదైనా పేరు రాగానే 'ఓహో, ఈయనా!' అనిపించాలంటే ముందు ఆ మూడూ చదివి ఉండాలి కదా. చివరికి అదే ఖాయమైంది. ఒకటి పూర్తయ్యాకే ఇంకోటి తెరవాలని షరతు కూడా పెట్టుకుంది. ఆ షరతే మా కొంప ముంచింది.

ఐదు పుస్తకాలు కలిపి 649 అంటేనే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు, డిస్కౌంట్ అనుకున్నాను. పార్సిల్ వచ్చాక మొదటి పుస్తకం కవరు చింపి నాలుగు పేజీలు తిప్పాను, కాగితం కొంచెం పల్చగా ఉంది గానీ అక్షరాలు బాగానే కనిపించాయి. మిగతా నాలుగూ ప్లాస్టిక్ కవర్లలోనే అలమరలో పెట్టేశాం. అమ్మాయి రెండోది తెరిచింది తొమ్మిదో రోజున. రిటర్న్ గడువు ఏడు రోజులే!

ఆ రెండో పుస్తకంలో 144వ పేజీ తిప్పితే మళ్లీ 129 వచ్చింది. అక్కణ్నుంచి 144 దాకా ఇంకోసారి, ఆ తర్వాత నేరుగా 161. మధ్యలో 16 పేజీలు లేనే లేవు. మా బావగారికి ప్రింటింగ్ ప్రెస్ ఉంది, ఆయనకు చూపిస్తే ఒక్క చూపులో చెప్పేశారు. పెద్ద కాగితానికి రెండు పక్కలా ఎనిమిదేసి పేజీలు అచ్చేసి మడిస్తే 16 పేజీల ఫారం అవుతుంది, బైండింగ్‌లో ఒక ఫారం రెండుసార్లు పడి, ఇంకోటి ఎగిరిపోయింది అన్నారు. అసలు పుస్తకాల్లోనూ ఇలాంటి పొరపాటు ఎప్పుడైనా జరుగుతుందట, తిరిగి ఇస్తే మార్చి ఇస్తారు. కానీ ఆయన ఐదు పుస్తకాలూ వెనక్కి తిప్పి పక్కపక్కన పేర్చారు. అన్నిటి మీదా ఒకే ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకాన్ని గుర్తుపట్టే నంబరు! 13 అంకెల ఆ నంబరు ఏ పుస్తకానికి ఆ పుస్తకానికే వేరుగా ఉండాలి. అంటే మనకొచ్చినవి దొంగ ముద్రణలు. అలాగని నంబరు సరిగ్గా ఉంటే అసలుదే అని నమ్మడానికీ లేదు, తెలివైనవాడు దాన్ని కూడా ఉన్నదున్నట్టు అచ్చేస్తాడు.

(నేను మా అమ్మాయి వయసులో ఉన్నప్పుడు అద్దెకు తెచ్చుకున్న నవలల్లో ఆఖరి పేజీలు చిరిగిపోయి ఉండేవి, హీరోయిన్ చివరికి ఎవర్ని చేసుకుందో మేమే ఊహించుకునేవాళ్లం. ఇది చెబితే మా అమ్మాయి అస్సలు నవ్వలేదు.)

అమ్మినవాడు ఫోటోలు పంపమన్నాడు, పంపాక మౌనం. సైటువాళ్లేమో గడువు దాటింది, ఏం చేయలేం అన్నారు. 1915 నంబరుకు ఫోన్ చేస్తే ఫిర్యాదు తీసుకున్నారు, అది వినియోగదారుల జాతీయ హెల్ప్‌లైన్. దానితోనూ పని కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు విలువకు ఫీజు కూడా లేదు. 649 కోసం అంత దూరం వెళ్తానా అంటే, కోపం తగ్గకపోతే వెళ్తాను.

మీరు మాత్రం సెట్ వచ్చిన రోజే అన్ని కవర్లూ చింపండి. పిల్లలు 'కొత్తవి, అలాగే ఉంచు' అని బతిమాలినా వినకండి. పేజీ నంబర్లు 16కి ఒకసారి చూసుకుంటూ పోతే ఒక్కో పుస్తకానికి రెండు నిమిషాలు పట్టదు. ఇంకా తేలిక ఏంటంటే, ఎలాగూ ఒక్కోటే చదువుతారు కాబట్టి ఒక్కోటే కొనండి. మొదటి పుస్తకం నచ్చకపోతే మిగతా నాలుగూ మిగిలిపోయే బాధ కూడా ఉండదు. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్నా చేత్తో తిప్పి చూసుకోవచ్చు, అయితే అక్కడ కూడా ప్లాస్టిక్ చుట్టి ఉన్నవాటిని విప్పి చూపించమనండి. విప్పనంటే వదిలేయండి.

ఆ 16 పేజీల కోసం మా అమ్మాయి నిన్న సాయంత్రం స్నేహితురాలింటికి వెళ్లి అక్కడే కూర్చుని చదివి వచ్చింది. మూడో పుస్తకంలో పేజీలు నేనే లెక్కపెట్టాను, అన్నీ ఉన్నాయి. నాలుగోదాంట్లో 97 తర్వాత తెల్ల కాగితాలు.