బొంత ముక్కలకు కత్తెరా, రోటరీ కట్టరా?

మా నల్గొండ వైపు బొంతంటే పాత చీరలు నాలుగు పొరలుగా పరిచి సూదితో కుట్టేదే. దానికి కత్తెర చాలు. ముక్కలు అతికి క్విల్ట్ కుట్టాలనుకుంటేనే ఈ ప్రశ్న.

ఖర్చు: కత్తెర ఇంట్లో ఉండేదే, మొండిబారితే సాన పట్టించుకోవచ్చు. రోటరీ కట్టర్ అంటే గుండ్రటి బ్లేడును దొర్లిస్తూ గుడ్డ కోసేది. అదొక్కటే కొంటే సరిపోదు. కింద మ్యాట్, పైన మందపాటి స్కేలు కావాలి, బ్లేడ్లు మారుస్తుండాలి. ఆ మ్యాట్‌ను మన ఎండలో మర్చిపోయారా, వంకర పోతుంది.

కొలత: కట్టర్‌దే పైచేయి. 4 ఇంచుల గడికి నాలుగు వైపులా పావు ఇంచు కుట్టు కలిపి నాలుగున్నర ఇంచులు కోయాలి. కత్తెరతో ఒక్కో ముక్కకు పావు ఇంచులో సగం తేడా వచ్చినా 12 ముక్కల వరుసలో ఒకటిన్నర ఇంచు తప్పుతుంది. మెత్తబడ్డ నారాయణపేట చీర అయితే మరీ జారుతుంది. ఏది వాడినా ముందు గంజి పెట్టి ఇస్త్రీ చేయండి.

వంపులు: పోచంపల్లి ఇక్కత్‌లో ఒక్క పువ్వునే చుట్టూ తీయాలంటే నాకు కత్తెరే నచ్చుతుంది.

ప్రమాదం: కట్టర్‌ది గుండ్రటి బ్లేడు, వేలు తెగాక గానీ తెలియదు. నేనోసారి గుండుసూది మీదుగా లాగేశాను. అప్పటినుంచి బ్లేడు తిరిగిన ప్రతిసారీ ఒకేచోట రెండు పోగులు తెగకుండా మిగిలేవి. కొత్త బ్లేడు వేయక తప్పలేదు.

మొదటి బొంతకో, చిన్నపిల్లలున్న ఇంటికో కత్తెర. వంద గళ్లు కోయాల్సి వస్తే కట్టర్.