జెనాన్ నిండిన మూడు పెట్టెలు: ఆస్ట్రోశాట్ లాక్స్‌పీసీ సమీక్ష

2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి నింగికెగసిన భారత ఖగోళ పరిశోధన ఉపగ్రహం ఆస్ట్రోశాట్‌లోని లాక్స్‌పీసీ, ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో రూపుదిద్దుకున్న, ఎక్స్ కిరణాలను పసిగట్టే వాయు శోధకం. దాని డేటాతో పనిచేస్తున్నవాడిగా ఈ సమీక్ష రాస్తున్నాను.

ఇందులో ఒకే తీరున్న మూడు శోధకాలు ఉంటాయి. ఒక్కొక్కదానిలో 15 సెంటీమీటర్ల లోతున, వాతావరణ పీడనానికి సుమారు రెండింతల ఒత్తిడితో జెనాన్, కొద్దిగా మీథేన్ నింపారు. ఎక్స్ కిరణం జెనాన్ పరమాణువు నుంచి ఎలక్ట్రాన్లను విడిపిస్తే, అవి అధిక వోల్టేజి ఉన్న సన్నని తీగను చేరుతూ ఎన్నో రెట్లు పెరిగి స్పందనగా నమోదవుతాయి. స్పందన పరిమాణాన్ని బట్టే కిరణం శక్తి తెలుస్తుంది. కాబట్టి వాయువు శుద్ధే దీనికి ప్రాణం. రవ్వంత ఆక్సిజన్ చేరినా అది దారిలోనే ఎలక్ట్రాన్లను పట్టేసుకుంటుంది, శక్తి లెక్క తప్పుతుంది. అందుకే కక్ష్యలోనే వాయువును శుద్ధిచేసే ఏర్పాటును కూడా వెంట పంపారు.

నాకు అన్నిటికన్నా నచ్చిన సూక్ష్మం మరొకటి ఉంది. 34.5 కిలో ఎలక్ట్రాన్ వోల్టులకు (ఇది కిరణాల శక్తికి కొలమానం) మించిన శక్తి ఉన్న కిరణం తగిలితే, జెనాన్ తానే సుమారు 30 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ఇంకో ఎక్స్ కిరణాన్ని వెలువరించవచ్చు. అది వేరే తీగ దగ్గర నమోదవుతుంది. రెండు తీగలు ఒకేసారి స్పందిస్తే ఆవేశిత కణమని తోసిపుచ్చడం మామూలు పద్ధతి. ఇక్కడ మాత్రం ఒక స్పందన ఆ 30 దగ్గర ఉంటే, రెండింటినీ కూడి ఒకే కిరణంగా లెక్కిస్తారు.

దీని అసలు బలం కాలమానం. ప్రతి కిరణం రాకనూ 10 మైక్రోసెకన్ల కచ్చితత్వంతో నమోదుచేస్తుంది కనుకనే, జీఆర్‌ఎస్ 1915+105 అనే కృష్ణబిలం వెలుగులో సెకనుకు సుమారు 70 సార్లు వచ్చే కంపనాలు దీని డేటాలో దొరికాయి. 30 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల పైన దీని సేకరణ వైశాల్యం, పాత అమెరికన్ ఉపగ్రహం ఆర్‌ఎక్స్‌టీఈలోని శోధకాలకన్నా చాలా ఎక్కువ.

లోపాలూ చెప్పాలి. ఇది చిత్రం తీయదు. సుమారు ఒక డిగ్రీ మేర ఆకాశం నుంచి వచ్చినదంతా కలిపే లెక్కిస్తుంది. అందువల్ల మసక వస్తువుల విషయంలో నేపథ్యాన్ని తీసివేయడం కష్టమైన పని. మూడో శోధకం వాయువు కారిపోయి 2018లో ఆగిపోయింది, మొదటిదాని గెయిన్, అంటే స్పందనను పెంచే రేటు, నిలకడ తప్పింది. కొత్తగా మొదలుపెట్టేవారు రెండో శోధకమైన లాక్స్‌పీసీ20 డేటాతో, ఒక ప్రకాశవంతమైన ఎక్స్ కిరణ జంటతారతో మొదలుపెట్టడం మేలు.