రాయి లేని సీమకు తాడు మోసుకెళ్ళాం

"కొండలెక్కేవాళ్ళు కోనసీమకు ఎందుకు వస్తున్నార్రా? ఇక్కడ బట్టలుతికే బండ కూడా లారీ మీద రావాల్సిందే కదా!" ఫోనులో విషయం చెప్పగానే మా అమ్మ అడిగిన మొదటి ప్రశ్న ఇది.

ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమిగా, వసిష్ఠగా చీలుతుంది. ఆ రెండు పాయల మధ్య ఉన్నదంతా నది తెచ్చి పోసిన ఒండ్రే. ఎంత తవ్వినా మట్టి, ఇసుక, ఆపైన నీళ్ళు. అయినా డిసెంబరు మూడో వారంలో మేం నలుగురం హైదరాబాద్ నుంచి కారులో 60 మీటర్ల తాడు, రెండు అద్దె టెంట్లు, పరుపులాంటి ఒక క్రాష్ ప్యాడ్ వేసుకుని బయలుదేరాం. మా ఊరు చూపిస్తానని మూడేళ్ళుగా మాటిచ్చి తప్పించుకుంటున్నవాణ్ణి నేను. రాయి ముట్టుకోని సెలవు సెలవే కాదనేవాళ్ళు మిగతా ముగ్గురు. చివరికి రాజీ కుదిరింది. డెల్టాకు పైన ఉన్న కొండల్లో ఎక్కడం, డెల్టా కొసన సముద్రం ఒడ్డున గుడారం, మధ్యలో మా ఇంట్లో భోజనం.

ఆ ముగ్గురిలో ఒకరు మా బావ. కారు ఆయనది కాబట్టి పాటలూ ఆయనవే. ఇంకొకరు హనుమకొండ మిత్రుడు. మూడో మనిషి మా అందరిలోకీ బాగా ఎక్కే అమ్మాయి. భువనగిరి కోట ఉన్న ఏకశిల మీద నేర్చుకుంది. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్‌కుమార్ కూడా అక్కడే మొదట తాడు పట్టారు. అందుకేనేమో, భువనగిరి మాట వస్తే ఆమె కాస్త నిటారుగా కూర్చుంటుంది.

రాజమహేంద్రవరం దాకా సుమారు 400 కిలోమీటర్లు. టిఫిను, టీ, బావ పాటలు కలిపి తొమ్మిది గంటలు పట్టింది. బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో రెండు గదులు తీసుకున్నాం. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, కారుకు చోటుంది. వేడినీళ్ళు మాత్రం ఆరింటి నుంచి ఎనిమిదింటి వరకేనట. మేం ఐదింటికే లేచి వెళ్ళేవాళ్ళం, కాబట్టి ఆ సౌకర్యం మాకోసం పెట్టింది కాదు. పడుకుని లేచి పోవడానికైతే అంతకంటే ఏమీ అక్కర్లేదు.

పొద్దున్నే కోరుకొండ మీదుగా వెళ్ళాం. పొలాల మధ్య ఒక్కసారిగా లేచిన ఆ కొండను చూసి హనుమకొండ మిత్రుడు కారు ఆపమన్నాడు. పైన లక్ష్మీనరసింహస్వామి ఉన్నాడు. మెట్లు నిలువుగా ఉంటాయి, ఎక్కితే పిక్కలు పట్టేస్తాయి. పక్కనున్న రాతి గోడను అతను ఆశగా చూశాడు కానీ, గుడి ఉన్న కొండ మీద తాడు వేయడం మర్యాద కాదని అందరం ఒప్పుకున్నాం. దణ్ణం పెట్టుకుని, కొబ్బరి ముక్క నమిలి బయలుదేరాం.

గోకవరం, రంపచోడవరం దాటి మారేడుమిల్లి చేరాం. అక్కడి బస గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. ఊరికి కొద్దిదూరంలో ఒక ప్రైవేటు క్యాంపులో టెంట్లకు చోటు ముందే మాట్లాడుకున్నాం. ఫోటోల్లో వాగు, వెదురు, నిశ్శబ్దం. నిజంగా వాగూ ఉంది, వెదురూ ఉంది. నిశ్శబ్దమే లేదు. రాత్రి పన్నెండున్నర దాకా మనిషి ఎత్తు స్పీకర్లు మోగాయి. మా బావ పాటలే నయమనిపించింది. నలుగురికి రెండే మరుగుదొడ్లు అయితే సర్దుకోవచ్చు, నలభై మందికి రెండంటే ఎలా? మా స్నేహితురాలు తెల్లవారుజామున నాలుగింటికి టార్చి పట్టుకుని లేచింది, వరస లేని సమయం అదొక్కటేనని. మారేడుమిల్లి వెళ్ళేవాళ్ళకు నా సలహా ఒకటే. గది కోసమైనా, టెంటు కోసమైనా శని, ఆదివారాలు వద్దు. మంగళ, బుధవారాల్లో అదే అడవి వేరే అడవిలా ఉంటుంది.

బొంగు చికెన్ మాత్రం ఏ వారమైనా తినొచ్చు. పచ్చి వెదురు గొట్టంలో మసాలా పట్టించిన ముక్కలు కూరి, మూతికి ఆకు బిగించి నిప్పుల మీద తిప్పుతారు. ముప్పావు గంట ఓపిక పట్టాలి. పది నిమిషాల్లో ఇస్తామన్నవాళ్ళు వేరే గిన్నెలో వండి గొట్టంలోకి వేస్తున్నారని అర్థం. మేం మొదట మోసపోయిందీ అక్కడే.

ఇక రాయి. వాగు పక్కన, నీళ్ళకు ఎడంగా, మూడు మనుషుల ఎత్తున్న గుండు ఒకటి దొరికింది. ఎక్కొచ్చా అని స్థానికులను అడిగితే, "ఎక్కండి, పడితే మాత్రం మా మీదకు రాకండి" అన్నారు నవ్వుతూ. తూర్పు కనుమల్లో విరివిగా కనిపించే ఖొండలైటు అది. దగ్గరగా చూస్తే చారలు చారలుగా, మధ్యలో గార్నెట్ ఎర్ర చుక్కలతో ఉంటుంది. భువనగిరి గ్రానైటు గరుకు దీనికి లేదు. గ్రానైటు మీద అరచేయి ఆనిస్తే చాలు, నిలబెడుతుంది. ఇక్కడ పట్టు కనిపించిన ప్రతిచోటా ముందు పిడికిలితో తట్టి చూడాలి. డొల్ల శబ్దం వస్తే ఆ పొర చేతికి ఊడివస్తుంది. మావాడి చేతికి వచ్చింది కూడా, పళ్ళెమంత పెచ్చు. కింద క్రాష్ ప్యాడ్ ఉంది కాబట్టి వీపుకు ఏమీ కాలేదు, పరువుకే కొంచెం.

మా స్నేహితురాలు ఆ గుండు చుట్టూ అరగంట తిరిగింది. ఎడమ అంచున బొటనవేలు పట్టేంత మెట్టు, దానిపైన ఏటవాలు నున్నదనం, కొసన ఒక్క మంచి పట్టు. మూడుసార్లు పడింది. నాలుగోసారి ఎడమ మడమను అంచు మీదకు ఎత్తిపెట్టి, ఒళ్ళంతా ఆ మడమ మీదకు లాక్కుని పైకి చేరింది. నేను రెండు గంటలు ప్రయత్నించి మెట్టు దాటలేదు. చేతులు జారకుండా రాసుకునే చాక్ పొడి అంతా నాకే అయిపోయింది.

దిగువకు వస్తూ ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం చూశాం. ఆనకట్ట నమూనాలు, పాత పనిముట్లు ఉన్నాయి. గంట చాలు, కానీ ఆ గంట వదులుకోవద్దు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆ ఆనకట్టకు రాయి ఎక్కడినుంచి వచ్చిందన్నది మా బృందానికి పట్టుకుంది. ధవళేశ్వరం గుట్టలనుంచే. కొండను కొట్టి, రాళ్ళను పట్టాల మీద తోసుకొచ్చి నదిలో పోశారు. "అంటే, డెల్టా మొదట్లో ఉన్న ఒక్క రాయినీ నీళ్ళలో వేశారన్నమాట" అన్నాడు హనుమకొండ మిత్రుడు, సొంత ఆస్తి పోయినంత బాధగా. ఆ రాళ్ళ పుణ్యమే నువ్వు రెండు రోజులుగా తింటున్న అన్నమని మా బావ ఒక్కమాటలో నోరు మూయించాడు. ఇప్పుడున్నది ఆ తరవాత కట్టిన బ్యారేజీ. దాని మీద కారులో వెళుతుంటే ఒకవైపు సముద్రంలాంటి నీళ్ళు, ఇంకోవైపు ఇసుక తిన్నెలు, గేట్ల కింద కొంగలు.

బొబ్బర్లంక దాటాక ఆత్రేయపురంలో పూతరేకులు కొన్నాం. బెల్లంవి తీసుకోండి. పెట్టెను హెల్మెట్ల కింద పెట్టకండి. మేం పెట్టాం.

మలికిపురం దగ్గర మా ఇంట్లో దిగేసరికి చీకటి పడింది. ఇంటి బసకు మార్కులు వేస్తే అమ్మ చదువుతుంది కాబట్టి వేయను. పులస అడిగిన మా మిత్రుడికి మాత్రం ఆమె ఒక పాఠం చెప్పింది. పులస గోదావరికి వరద వచ్చే రోజుల్లో ఎదురీదుకుంటూ వచ్చే చేప. డిసెంబరులో ఏ హోటలువాడైనా పులస అని వడ్డిస్తే లేచి వచ్చేయమంది. మాకు కొరమేను పులుసు పెట్టింది.

మర్నాడు మా పెదమామయ్య తోటలో దింపు ఉంది. రెండు నెలలకోసారి కాయ దింపుతారు. దింపుకు వచ్చిన పెద్దాయనకు అరవై దాటి ఉంటాయి. కాళ్ళకు తాడు బందం, మొలలో కత్తి. పాదాలు రెండూ కాండానికి ఆనించి, చేతులు చుట్టి, కప్పలా ముడుచుకుంటూ చాచుకుంటూ పోయాడు. మేం నోళ్ళు తెరుచుకుని చూస్తుండగానే గెల దగ్గరున్నాడు. నడుముకు ఏ తాడూ లేదు.

మా స్నేహితురాలు ఉండబట్టలేక ప్రయత్నిస్తానంది. మేం ముందే మరో చెట్టుకు పైనుంచి తాడు వేయించి, నడుముకూ తొడలకూ బిగించే పట్టీల హార్నెస్ కట్టి, కింద నేను తాడు పట్టుకున్నాకే వదిలాం. ఎనిమిది అడుగులు ఎక్కేసరికి మోచేతుల లోపలివైపు చర్మం గీసుకుపోయింది. పెద్దాయన కిందనుంచి చూస్తూ, "చేతులతో లాక్కోకండమ్మా, కాళ్ళతో తన్నాలి. చేతులు ఊరికే పట్టుకోడానికే" అన్నాడు. భువనగిరిలో మొదటి రోజు ఆమెకు చెప్పింది ఇదే మాటట. ఇంకో ఆరడుగులు ఎక్కింది.

తరవాత ఆయనకు హార్నెస్ తొడిగి చూపించాం. బకిళ్ళు బిగించుకుని, అటూ ఇటూ తిరిగి చూసుకుని, "ఆయ్, బాగుందండి. కానీ ఇది కట్టుకుని ఎక్కితే పది చెట్లకే పొద్దుపోతుంది. నాకు చెట్టుకింత అని ఇస్తారు" అన్నాడు. మా దగ్గర దానికి జవాబు లేదు. ఇంకో చెట్టుకు వెళ్ళిపోయాడు.

సాయంత్రానికి అంతర్వేది. వసిష్ఠ సముద్రంలో కలిసేచోట నదికీ సముద్రానికీ మధ్య నిలిచిన ఇసుక దిబ్బను అన్నాచెల్లెళ్ళ గట్టు అంటారు. ఒకవైపు నీళ్ళు కొంచెం మట్టిరంగు, ఇంకోవైపు నీలం. రాత్రి ఉంటామని పోలీసులకు చెప్పి, గట్టుకు దూరంగా సరుగుడు చెట్ల దగ్గర చోటు చూసుకున్నాం. బావకు అలలకు దగ్గరగా వేయాలని సరదా. వల సర్దుకుంటున్న ఒకాయన ఆగి, "బాబూ, పౌర్ణమి దగ్గరపడింది. పోటు మీ దిండ్ల దాకా వస్తుంది" అన్నాడు. పాత పోటు వదిలిన చెత్త గీతను వేలితో చూపించాడు. మా టెంటు దానికి పది అడుగులు సముద్రం వైపునే ఉంది. మొత్తం పీకి వెనక్కి జరిపాం. రాత్రి నీళ్ళు నిజంగానే ఆ గీత దాటాయి.

ఇసుకలో టెంటు మేకులు నిలవవు. గాలికి ఒక్కొక్కటే పళ్ళలా ఊడివచ్చాయి. కొండలెక్కేవాళ్ళకు తెలిసిన ఉపాయం ఒకటుంది. సంచిలో ఇసుక నింపి, మధ్యలో తాడు కట్టి, మోకాలి లోతున అడ్డంగా పాతిపెడితే కదలదు. అమ్మ ఇచ్చిన బియ్యం సంచులు ఖాళీ చేసి నాలుగు మూలలా నాలుగు పాతాం. ఎక్కే తాడును మాత్రం కారులోంచి దించలేదు. ఇసుక రేణువులు తాడు పోగుల్లోకి దూరితే లోపలినుంచి కోస్తాయి. ఉప్పుగాలి తగిలిన కారబైనర్లను, అంటే తాడు తగిలించే లోహపు కొక్కేలను, మంచినీళ్ళతో కడగాలి.

దీపస్తంభం వెలుగు టెంటు గుడ్డ మీదుగా రాత్రంతా తిరుగుతూనే ఉంది. నాకు హాయిగా ఉంది, బావ ముఖం మీద తువ్వాలు కప్పుకున్నాడు. తెల్లారి చూస్తే టెంట్లు వానలో తడిసినట్టున్నాయి, అంతా మంచు. ఆ ఒడ్డున రాత్రి గడపాలంటే టెంటు మీద కప్పే పైగుడ్డ తప్పనిసరి. మరుగుదొడ్డికి గుడి వైపు వెళ్ళాల్సిందే, అది కాస్త నడక. ఆడవాళ్ళున్న బృందమైతే కారు అందుబాటులో ఉంచుకోండి. ఈ రెండూ పోను, మారేడుమిల్లిలో డబ్బులిచ్చి పడుకున్న రాత్రికంటే ఏమీ ఇవ్వకుండా పడుకున్న ఈ రాత్రే మేలని నలుగురం ఏకగ్రీవంగా తేల్చాం. అమ్మానాన్నలతో వచ్చేవాళ్ళకు దిండిలో నది ఒడ్డు గదులు, హౌస్‌బోట్లు సుఖం. తడి టెంట్లు ఆరేసుకునేవాళ్ళను అక్కడ ఎలా చూస్తారో ఊహించుకుని మేం అటు వెళ్ళలేదు.

తిరుగుదారిలో సఖినేటిపల్లి రేవు దగ్గర పంటు ఎక్కాం. కారు, రెండు ఆటోలు, కొబ్బరికాయల వ్యాను, ఇరవై మంది మనుషులు, అందరూ దానిమీదే నర్సాపురం వైపు దాటతారు. వరస కాస్త పెద్దదిగా ఉంటే చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగిపోవచ్చు. కానీ ఎలాగూ వచ్చారు కాబట్టి పంటే ఎక్కండి. బావ చెమటలు పట్టించుకుని వెనక్కి నడిపి కారును చెక్కల మీదకు చేర్చాడు. వెంటనే పంటు కుర్రాడు పరుగున వచ్చి, వెనక చక్రం కింద నల్లటి బండరాయి ఒకటి దోపాడు.

మా స్నేహితురాలు కారు దిగి, వంగి, దాన్ని పిడికిలితో తట్టి చూసింది. డొల్ల లేదు. బొటనవేలు ఆనించబోతుంటే కుర్రాడు కేకేశాడు: "అమ్మా, దాన్ని కదపకండి! బండి గోదాట్లోకి పోతుంది!"