సమాధుల దగ్గరా, నడివీధిలోనా?

అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది తరఫున పోరాడిన కాన్ఫెడరేట్ సైనికులను తలుచుకునే రెండు తీరులూ వర్జీనియా రాష్ట్రంలోని, ఒకప్పటి కాన్ఫెడరేట్ రాజధాని రిచ్‌మండ్‌లోనే కనిపిస్తాయి. హాలీవుడ్ శ్మశానంలో 1869 నాటి రాతి పిరమిడ్, దాని చుట్టూ వేలమంది సమాధులు. 1862 నుంచి నిర్బంధ సైనిక చట్టం ఉండేది కాబట్టి అందరూ ఇష్టపడే వెళ్లారనలేం. అక్కడ మనవలు పూలు పెడితే తప్పేముంది?

అదే ఊళ్లోని మాన్యుమెంట్ అవెన్యూ అనే వీధి సంగతి వేరు. యుద్ధం ముగిసిన పాతికేళ్లకు, 1890లో, కాన్ఫెడరేట్ సేనాని జనరల్ లీని గుర్రమెక్కించి విగ్రహంగా నిలబెట్టారు. అందులో దుఃఖం కన్నా దర్పమే ఎక్కువ. రాష్ట్రాల హక్కుల కోసమే పోరాడారంటారు గానీ, బానిసత్వమే తమ ప్రభుత్వానికి పునాదిరాయని కాన్ఫెడరేట్ ఉపాధ్యక్షుడు స్టీఫెన్స్ 1861లోనే బాహాటంగా చెప్పాడు. 2021లో లీని దించేశారు. 2020లో నిరసనకారులు పడగొట్టిన కాన్ఫెడరేట్ అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్ విగ్రహాన్ని మాత్రం రంగు మరకలతోనే మ్యూజియంలో పడుకోబెట్టి చూపించారు. నా ఓటు ఆ పద్ధతికే.