బేత్లెహేము కడుపులో ఉందట

కిందటేడు కాన్సస్‌లో మా అబ్బాయి దగ్గర ఆరు నెలలున్నాను. అప్పుడే ఒక పాత పుస్తకాల కొట్లో 18 డాలర్లు పెట్టి దీన్ని కొన్నాను: అమెరికాలో భార్యతో కలిసి యూనిటీ అనే ఆధ్యాత్మిక ఉద్యమం మొదలుపెట్టిన చార్లెస్ ఫిల్మోర్ 'మెటాఫిజికల్ బైబిల్ డిక్షనరీ', బైబిల్లోని పేర్లకి లోపలి అర్థాలు చెప్పే నిఘంటువు. మొదట అచ్చయింది 1931లో. 700 పేజీల పైమాటే. తిరుగు ప్రయాణంలో సూట్‌కేసు తూకం మించిపోతే బాదంపప్పు పొట్లాలు తీసేసి దీన్ని ఉంచుకున్నాను. మా కోడలు ఇప్పటికీ దెప్పుతుంది.

నేను గుంటూరులో లూథరన్ ఇంట పుట్టినదాన్ని. 30 ఏళ్ళు సండే స్కూల్లో చెప్పాను. జెరుబ్బాబెలు, మెతూషెల అంటూ పిల్లల చేత పేర్లు వల్లె వేయించడమే గానీ, "ఆ పేరుకి అర్థమేంటి టీచరమ్మా?" అంటే నా దగ్గర జవాబుండేది కాదు. ఈ పుస్తకం పని అక్కడే మొదలవుతుంది. పేరు, పలికే తీరు, హీబ్రూలోనో గ్రీకులోనో దాని అర్థం, వచనం ఎక్కడుందో ఇస్తారు. ఆ కింద 'మెటా.' అని ఒక పొడి అక్షరాల గుర్తు. అది దాటామా, ఇక చరిత్ర ఉండదు. ఆ మనిషి, ఆ ఊరు మన లోపలే ఉన్న ఒక ఆలోచన, ఒక స్థితి అయిపోతాయి. ఐగుప్తు (ఈజిప్టు) అంటే వెలుగెరగని మనసు. మోషే అంటే నీళ్ళలోంచి బయటికి తీసినవాడు, మనలో పైకి ఎదిగే గుణం.

మొదట చిరాకేసింది. ఎర్రసముద్రం కూడా నాలోనేనా అనుకున్నాను. తర్వాత ఇశ్రాయేలీయుల్ని బానిసలుగా పట్టి ఉంచిన ఐగుప్తు రాజు ఫరో దగ్గర దొరికిపోయాను. మా చెల్లెలితో నాకు ప్రహరీ గోడ తగాదా, నాలుగేళ్ళుగా మాటల్లేవు. ఆదివారం గుడిలో 'సరే, ఫోన్ చేద్దాం' అనుకుంటాను, సోమవారం తెల్లారేసరికి మనసు బిగుసుకుపోతుంది. ఫరో చేసిందీ అదే కదా! దేవుడు పంపిన తెగులు మీద పడ్డంతసేపూ 'వాళ్ళని పంపిస్తాను' అంటాడు, కాస్త తెరిపి రాగానే గుండె రాయి చేసుకుంటాడు. ఎన్ని వందలసార్లు పిల్లలకి ఆ కథ చెప్పానో, ఒక్కసారి కూడా నన్ను ఆ సింహాసనం మీద చూసుకోలేదు. కప్పల తెగులు చదివిన రోజు మధ్యాహ్నమే ఫోన్ చేశాను. ఈ పుస్తకానికి నేనిచ్చే మార్కుల్లో సగం ఆ ఫోన్‌కే.

ఇక నవ్వొచ్చే చోట్లు. యేసు పుట్టిన ఊరు బేత్లెహేము అంటే రొట్టెల ఇల్లు, అంతవరకు సరే. కానీ అది పొట్ట పైభాగంలో ఉన్న నరాల కూడలి అంటాడు ఫిల్మోర్. పన్నెండుమంది శిష్యులు పన్నెండు శక్తులట, ఒక్కొక్కరికీ ఒంట్లో ఒక్కో చోటు. ఫిలిప్పు నాలుక మొదట్లో ఉంటాడు, యోహాను గుండె వెనక. పక్కింటి లెక్కల మాస్టారు రోజూ యోగా చేస్తారు. ఆయనకి చూపిస్తే "ఇది మన యోగాలో బొడ్డు దగ్గరుండే మణిపూరక చక్రమే కదమ్మా!" అని ముచ్చటపడ్డారు. మా పాస్టరుగారికి మాత్రం చూపించలేదు.

అలాగని ఇలా చదవడం ఫిల్మోర్ కనిపెట్టిందేం కాదు. మూడో శతాబ్దంలో క్రైస్తవ పండితుడు ఓరిగెను, ఆయనకంటే ముందు అలెగ్జాండ్రియాలో యూదుడైన ఫైలో వాక్యం కింద ఇంకో అర్థాన్ని తవ్వినవాళ్ళే. యేసు ఒక రోగిని బాగు చేసిన బేతెస్ద కోనేటి ఐదు మంటపాలు మోషే ఐదు గ్రంథాలని తొలినాటి క్రైస్తవ గురువు అగస్టీను బోధించాడు. అసలు అలాంటి కోనేరు ఉందా, అంకె గుర్తు కోసం అల్లిన కథేమో అని అనుమానించిన పండితులూ ఉన్నారు. తీరా యెరూషలేములో తవ్వితే పక్కపక్కనే రెండు కోనేళ్ళు బయటపడ్డాయి: మంటపాలకి చుట్టూ నాలుగు వైపులు, మధ్య అడ్డుగట్టు ఒకటి. లెక్క ఐదే! అందుకే నేను ముందు రాయిని రాయిగా చదువుతాను, ఆ తర్వాతే 'మెటా.' జోలికెళతాను. ఈ పుస్తకానికి ఆ ఓపిక తక్కువ. పేర్ల అర్థాల్లో కొన్ని చోట్ల లాగి సాగదీసినట్టూ ఉంటుంది.

నాకు అసలు మింగుడు పడనిది రోగం గురించి చెప్పింది. తప్పు తలపే జబ్బుకి మూలం, తలపు మారితే ఒళ్ళు మారుతుంది అంటాడు. ఆ దంపతులకి అది సొంత అనుభవం, కాదనను. చార్లెస్ చిన్నప్పుడు మంచు మీద జారే ఆటలో కాలు పాడు చేసుకున్నాడు. ఆయన భార్య మిర్టిల్‌కి క్షయ. 'దేవుని బిడ్డను కాబట్టి రోగం నాకు వారసత్వంగా రాదు' అన్న మాట 1886లో ఒక ఉపన్యాసంలో పట్టుకుని, దాన్నే పదేపదే చెప్పుకుంటూ కోలుకుంది. వాళ్ళ యూనిటీ ఉద్యమం 1889లో అలాగే పుట్టింది. తనకి తాను చెప్పుకుంటే అది ధైర్యమే. మా ఆయన రెండేళ్ళు డయాలసిస్ మీదున్నారు. ఆ మంచం పక్కన నిలబడి పక్కవాళ్ళు అదే అంటే? 'విశ్వాసం చాలడం లేదు బ్రదర్' అని మా వాళ్ళే ఒకాయన అన్నాడు, ఫిల్మోర్ పేరు కూడా తెలియని మనిషి. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఎవరు చేసిన పాపమని శిష్యులడిగితే, వీడూ కాదు, కన్నవాళ్ళూ కాదు అన్నాడు యేసు. రోగం మాట వచ్చిన పేజీల్లో ఆ జవాబుని పెన్సిల్‌తో రాసుకుంటూ పోయాను.

కాన్సస్ సిటీ పక్కనున్న వాళ్ళ యూనిటీ విలేజ్ కూడా చూశాను. 165 అడుగుల గోపురం, గులాబీ తోట. చాలా ప్రశాంతంగా ఉంది. పుస్తకం కొనకపోయినా అది చూడొచ్చు.

కొనేవాళ్ళకి రెండు మాటలు. ఇంగ్లీషు పాతకాలపుది, అక్షరం సన్నం, నాకైతే భూతద్దం కావాల్సొచ్చింది. వరసగా చదవకండి, రోజుకో పేరు చాలు. అదీ మన పరిశుద్ధ గ్రంథంలో ఆ అధ్యాయం మొత్తం చదివాకే. కొత్తగా బైబిలు పట్టినవాళ్ళకీ, ఇంట్లో పెద్ద జబ్బుతో ఎవరైనా ఉన్నవాళ్ళకీ వద్దంటాను. ఐదుకి మూడున్నర వేస్తాను.

మొన్న మా చెల్లెలు వచ్చి చూసి, ఒక నెల ఇవ్వమని తీసుకెళ్ళింది. గోడ సంగతి ఇంకా తేలలేదు.