టర్బో కారుకి ఆయిల్ కూలర్ పెట్టిద్దామనుకుంటున్నారా? ఇన్‌స్టా "ఫుల్ కిట్" జోలికి పోబాకండి

నెల్లూరు, ఒంగోలు సైడు టర్బో కార్లు ఉన్న అన్నలూ తమ్ముళ్ళూ, ఎండలు ముదిరే కొద్దీ ఇన్‌స్టాలో వాట్సాప్‌లో "ఇంపోర్టెడ్ ఆయిల్ కూలర్ ఫుల్ కిట్, డైరెక్ట్ ఫిట్, థర్మోస్టాట్‌తో సహా" అని పోస్టులు తెగ తిరగతా ఉండాయి (ఆయిల్ కూలర్ అంటే ఇంజన్ ఆయిల్‌ని గాలికి చల్లబరిచే చిన్న రేడియేటర్ లాంటిది), డబ్బులు కొట్టే ముందు ఒకసారి ఇది చదవండి. నాకు 30 వేల పైన బొక్క. ఇంజన్ మాత్రం మిగిలింది.

నాది ఐ20 ఎన్ లైన్, 1.0 టర్బో, కంపెనీది 120 పీఎస్, దాని మీద రీమ్యాప్ (పవర్ పెరిగేటట్టు ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) చేయించి ఉండా, శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి కూడా తీసకపోతా ఉంటా. ఊర్లో మాగుంట లేఅవుట్ నుంచి మినీ బైపాస్ దాకా తిప్పుకునే వాళ్ళకి ఈ కూలర్ అవసరమే లేదు, ముందే చెప్తున్నా, ఊరికే షోకు. ట్రాక్‌లో గానీ, రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో హైవే మీద గట్టిగా తొక్కేటప్పుడు గానీ ఆయిల్ 130 డిగ్రీలు దాటి పోతా ఉంటే అప్పుడు కావాలి, పల్చబడిపోయిన ఆయిల్‌తో బేరింగులకి ప్రెషర్ నిలబడదు, టర్బో షాఫ్ట్ తిరిగేది కూడా ఆ ఆయిల్ మీదే కదా.

కిట్ వచ్చినప్పుడే అనుమానం రావాల్సిన ముక్క ఒకటి ఉంది. హ్యుందాయ్ ఆయిల్ ఫిల్టర్ మర ఎం20 బై 1.5, అంటే 20 మిల్లీమీటర్లది, వాడు పంపిన శాండ్‌విచ్ ప్లేట్ (ఇంజన్‌కీ ఫిల్టర్‌కీ మధ్యలో బిగించి ఆయిల్‌ని కూలర్‌కి మళ్ళించే ప్లేట్) బోల్టేమో 3/4 అంగుళం, అంగుళానికి 16 మరలది. చూడ్డానికి రెండూ ఒకటే లాగుంటాయి, కానీ 3/4 అంటే 19.05 మిల్లీమీటర్లు, దాని మీద ఫిల్టర్ ఎక్కిస్తే లొడలొడలాడింది. మా ఆటోనగర్ మెకానిక్ అన్న చెయ్యి పెట్టంగానే "ఇది మనది కాదబ్బయ్యా" అని పక్కన పెట్టేశాడు కాబట్టి సరిపోయింది, అదే ఇంకెవరన్నా టెఫ్లాన్ టేపు చుట్టి బిగించేసుంటే స్టార్ట్ చేసిన కాడ్నే ఆయిలంతా నేల మీద. సెల్లర్‌కి ఫోటో పెడితే "సారీ బ్రో" అని వేరే బోల్టు కొరియర్ చేశాడు, బిగించాం.

బిగించినాక ఆయిల్ టెంపరేచర్ మీటర్ చూస్తే వింతగా ఉండాది. పొద్దున్నే పెన్నా దాటి కోవూరు పొయ్యొచ్చినా ఆయిల్ 60 డిగ్రీలు దాటలా. థర్మోస్టాట్ ఉన్న ప్లేట్ అయితే దాదాపు 80 దాకా ఆయిల్‌ని ఎక్కువ శాతం కూలర్‌లోకి పోనీకుండా ఇంజన్‌లోనే తిప్పతది, వేడెక్కినాకే దోవ ఇస్తది. చల్లగా ఉంటే మంచిదే కదా అనుకునే వాళ్ళు చాలామంది ఉండారు, అస్సలు కాదు, డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బోల్లో కొంచెం పెట్రోల్ ఆయిల్‌లో కలస్తానే ఉంటది, ఆయిల్ బాగా కాగితేనే అది ఆవిరైపోయేది. డిప్‌స్టిక్ తీసి వాసన చూస్తే గుప్పున పెట్రోల్. సెల్లర్‌ని అడిగితే "మా కూలర్ అంత పవర్‌ఫుల్ బ్రో" అంట. ఏం చెప్తాం.

తర్వాత సంగతి టంగుటూరు టోల్ దాటినాక. ఒంగోలు పోతా ఉంటే కాలిన ఆయిల్ వాసన, వెనకనుంచి లారీ అతను ఒకటే హారన్, ఆ వెంటనే డ్యాష్‌లో ఎర్ర ఆయిల్ డబ్బా లైటు. లైటు పడంగానే ఇంజన్ ఆపేసి దొర్లించుకుంటా పక్కకి తీశా. ఆ లైటు ఆయిల్ తక్కువైందని చెప్పే లైటు కాదు, ప్రెషర్ పోయిందని, ఇంకొక్క కిలోమీటర్ పోదాంలే అనుకుంటే క్రాంక్ బేరింగులు గోవిందా. బానెట్ ఎత్తితే కూలర్‌కి ఆయిల్ పొయ్యే హోస్ దాని ఫిట్టింగ్‌లోనుంచి ఊడొచ్చి వేలాడతా ఉండాది.

ఒంగోలులో షెడ్డుకి లాక్కెళ్ళి మొత్తం విప్పించా. హోస్ పైన మెరిసే స్టీల్ జాలీ, లోపలి రబ్బరు గోరుతో గీస్తే పొడిపొడిగా రాలతా ఉంది. శాండ్‌విచ్ ప్లేట్ పక్కన పెద్ద షడ్భుజి మూత ఉంటది చూడండి, థర్మోస్టాట్ ఉండేది దాని లోపలే, ఇత్తడి రంగు బుడిపె, దానికో స్ప్రింగు. మూత తీస్తే లోపల ఏమీ లేదు, ఖాళీ బొక్క. ఇంక కూలర్‌లో పెట్రోల్ పోసి తెల్ల గుడ్డలోకి వంపితే అల్యూమినియం రజను తళతళా మెరస్తా రాలింది, అది అయస్కాంతానికి దొరికేది కాదు, ఫిల్టర్‌కి ముందు ప్లేట్ ఉంది కాబట్టి ఫిల్టర్ కొంత ఆపింది, సంప్ (ఇంజన్ కింద ఆయిల్ నిలవుండే తొట్టి) విప్పి, ఫిల్టర్ కోసి చూసి, కొత్త ఆయిల్ పోసి, పాత ఫిల్టర్ సెటప్‌కే మార్చేశా.

సెల్లర్‌కి వీడియో పంపితే "మీ మెకానిక్ టైట్ చెయ్యలా" అన్నాడు, ఇంకోసారి అడిగితే బ్లాక్. జీఎస్టీ బిల్లు లేదు, యూపీఐ రసీదూ చాటూ ఉండాయి. 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌లో కంప్లైంట్ పెట్టా. 2019 చట్టం ప్రకారం సెల్లర్ యాడున్నా మనం ఉండే జిల్లా కన్స్యూమర్ కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు, 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు, నెల్లూరులోనే వేయబోతున్నా. అందుకే వాడి పేరు ఇక్కడ రాయడంలా, కామెంట్లలో అడగబాకండి.

ఆల్రెడీ ఇట్లాంటి కిట్ బిగించుకున్నోళ్ళు ఉంటే రేపు పొద్దున చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఐడిల్‌లో పెట్టి, ఆపేసి కూలర్ మీద చెయ్యి పెట్టి చూడండి. థర్మోస్టాట్ మూసున్నా కొంచెం ఆయిల్ పోతానే ఉంటది కాబట్టి గోరువెచ్చగా ఉంటే పర్లేదు, ఇంజన్‌తో పాటే సమానంగా వేడెక్కుతా ఉంటే మాత్రం ఆ మూత విప్పించండి, హోస్ ఫిట్టింగుల చుట్టూ చెమ్మ ఉందేమో కూడా టార్చ్ వేసి చూడండి.